నా సీసపు అక్షరం కింద ఒక మడమ

ముప్పై నాలుగేళ్లు నేను మనుషుల్ని "ఊపిరి బిగపట్టండి" అని ఆజ్ఞాపించి జీతం తీసుకున్నాను. పహిల్వాన్లు, పోలీసు ఇన్‌స్పెక్టర్లు, లీడర్లు, ఎవరైనా సరే, నేను "ఇక వదలండి" అనేదాకా బుద్ధిగా బిగపట్టుకుని నిలబడేవారు. ఆ అధికారం మా ఇంటి గుమ్మం దాటి ఎప్పుడూ లోపలికి రాలేదు. ఇంట్లో ఊపిరి బిగపట్టేది నేనే.

ఎక్స్‌రే కోర్సు చదివిన పిల్లలు ఇప్పటికీ ఎక్కడైనా కనిపిస్తే, "సార్, మీ అనుభవం ఒకటి చెప్పండి" అంటారు. అనుభవం అంటే నేను బాగా చేసిన పని అని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని పాడుచేయడం ఎందుకని ఇన్నాళ్లూ ఏవో కోతలు కోస్తూ వచ్చాను. బాగా చేసినవాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఎముక విరిగింది, ఫొటోలో కనిపించింది, అంతే. విరగనిచోట, కనిపించనిచోట నేనేం చేశానో అది చెబుతాను.

మా డయాగ్నొస్టిక్ సెంటర్ సంతోష్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక మిఠాయి దుకాణానికి పైన ఉండేది. కింద జిలేబీ తిని, పైకొచ్చి షుగర్ పరీక్ష చేయించుకుని, రిపోర్టు చూసిన బాధలో మళ్లీ కిందికి వెళ్లి జిలేబీ తినే సదుపాయం అన్నమాట. మెట్ల దగ్గర 'ఫుల్ బాడీ చెకప్' అని మనిషెత్తు బోర్డు. అందులో గీసిన మనిషి బొమ్మకు తల ఉంది, గుండె ఉంది, కాలేయం ఉంది. పాదాలు మాత్రం బోర్డు సరిపోక తెగిపోయాయి. మా సెంటర్ జాతకమంతా ఆ బోర్డులోనే ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

ఎక్స్‌రే తీసేటప్పుడు అది కుడివైపో ఎడమవైపో తెలియడానికి పక్కన సీసపు అక్షరం పెడతాం. కుడికి ఇంగ్లీషు ఆర్, ఎడమకు ఎల్. సీసం గుండా ఎక్స్‌రే పోదు కాబట్టి ఫొటోలో ఆ అక్షరం తెల్లగా పడుతుంది. నేను పనిలో చేరిన ఏడాదే నా ఆర్ బల్ల మీంచి పడి కుడికాలు సగానికి విరగ్గొట్టుకుంది. రోజూ విరిగిన కాళ్లకు ఫొటోలు తీసే నేను నా అక్షరం కాలు మాత్రం బాగుచేయించలేదు. కొత్తది ఇస్తామన్నా తీసుకోలేదు. ఊళ్లో ఏ డాక్టర్ దగ్గర ఫిల్ము చూసినా, కుంటి ఆర్ ఉంటే అది నేను తీసిందే. చిత్రకారుడికి సంతకం ఉన్నట్టు నాకు కుంటి అక్షరం.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నది కూడా ఒక విద్యే. ఎముక మీద పడకూడదు. చీలమండను పక్క నుంచి తీసేటప్పుడు నేను మడమకు పైన, కాలి వెనకభాగాన పెట్టేవాణ్ని. అక్కడ ఎముక లేదు కాబట్టి నా లెక్కలో అది ఖాళీ జాగా. ఆపైన కంప్యూటర్లో అంచులు కత్తిరించి, ఎముకలు తళతళలాడేలా చేసేవాణ్ని. ఎముకల డాక్టర్లు "నీ ఫొటో క్యాలెండర్ మీద వేసుకోవచ్చయ్యా" అనేవారు. నేను కాలర్ సర్దుకునేవాణ్ని.

అలాంటి రోజుల్లో మా సెంటర్‌కు రిపోర్టులు రాయడానికి ఒక కొత్త రేడియాలజిస్టు మేడం వచ్చింది. మా అమ్మాయి వయసు. వచ్చిన వారానికే నన్ను కంప్యూటర్ ముందుకు పిలిచింది.

"అంకుల్, మీ అక్షరం ఎప్పుడూ మడమ వెనకే ఎందుకు పెడతారు?"

"అక్కడ ఖాళీయే కదా మేడం."

"ఖాళీ కాదంకుల్. పిక్క కండను మడమ ఎముకకు కట్టే టెండన్ అక్కడే ఉంటుంది. తాడు లాంటిది. ఇకనుంచి అక్షరం ముందువైపు పెట్టండి."

తర్వాత ఆవిడ ఓపిగ్గా చెప్పిన సంగతి ఇది. కొన్ని ఇళ్లలో రక్తంలో చెడు కొలెస్టరాల్ పుట్టుకతోనే విపరీతంగా ఉంటుంది. తిండితో వచ్చింది కాదు, తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చింది. చాలామందిలో ఏళ్ల తరబడి అది ఆ తాట్లో పేరుకుని తాడు లావెక్కుతుంది. మనిషికి గుండెలో ఏ నొప్పీ లేనప్పుడే మడమ దగ్గర ఆనవాలు దొరకవచ్చు. ఫొటో ఒక్కటే సాక్ష్యం కాదు. రక్తపరీక్ష చేయాలి, ఇంట్లో చిన్న వయసులో ఎవరు పోయారో అడగాలి. కానీ అనుమానం పుట్టడానికి ఫొటో చాలు.

నేను "అలాగే మేడం" అని, టీ తాగడానికి వెళ్లి కడుపారా వెక్కిరించాను. రిసెప్షన్‌లో కూర్చునే భాయ్ ఉండేది బార్కస్ బస్తీలో. అతను నాకంటే రెండాకులు ఎక్కువే చదివాడు.

"గుండె జబ్బుకు మడిమ ఫొటో అంట భాయ్," అన్నాను.

"కసమ్ సే ఉస్తాద్, రేపు పంటి నొప్పి అని వస్తె మోకాలు స్కాన్ రాస్తది. మనకేం, బోర్డు మీద పాదాలు గూడ గీపిద్దాం."

నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నాలుక కొరుక్కుంటాను.

దీపావళికి నెల ముందు ఒకాయన కుంటుతూ మెట్లెక్కి వచ్చాడు. గౌలిపుర, పాల వ్యాపారం. ముప్పై ఎనిమిదేళ్లు, చీపురుపుల్ల లాంటి మనిషి. ఎముకల డాక్టర్ రాసిన చీటీలో కుడి మడమ నొప్పి, ఎక్స్‌రే అని ఉంది. చెప్పులు చూస్తే వెనక పట్టీ కోసేసి ఉంది.

"చెప్పు కోసినవేంది తమ్మీ?"

"మా ఇంట్ల మొగోళ్లందరి చెప్పులు గిట్లనే సార్. మడిమ పట్టదు." గర్వంగా కాలు తిప్పి చూపించాడు. మడమ పైన రెండువేళ్ల మందాన ఉబ్బు. "గిది మా ఖాన్‌దాన్ నిశాని. సదర్‌ల మా దున్నపోతు తాడు ఎవరు వట్టాలె అంటే, మా తాత ఒక రూల్ వెట్టిండు. లావు మడిమ ఉన్నోళ్లే వట్టాలె. భూమిల పాతినట్టు నిలవడ్తరని."

పట్నంలో ఉన్నవాళ్లకు సదర్ గురించి చెప్పక్కర్లేదు. దీపావళి అయ్యాక పాలవాళ్లు దున్నపోతులకు నూనె రాసి, పూసలు కట్టి, డప్పులతో ఊరేగిస్తారు. గుర్రమంత ఎత్తున ముందుకాళ్లు లేపే ఆ జంతువును తాడుతో ఆపే మనిషిని ఆ రోజు వీధంతా చూస్తుంది.

"మీ నాయిన గూడ వట్టిండా?" బల్ల మీద కాలు సర్దుతూ అడిగాను. ఏదో ఒకటి మాట్లాడిస్తే మనిషి కదలడని, అంతే.

"వట్టిండు. నలభైకే పోయిండు. తర్వాత మా అన్న వట్టిండు. ఆయిన గూడ సదర్ అయిన వారానికే... నలభై ఒకటి. దిష్టి సార్. గంత మంది జూస్తరు గద. ఇప్పుడు నేను. జల్దీ దియ్యున్రి, పండుగ దాక నొప్పి దగ్గాలె."

విన్నారు కదా. మేడం అడగాలని చెప్పిన కథ మొత్తం, అడక్కుండానే, నా చెవిలో పడింది. నేను ఏం చేశాను? కుంటి ఆర్‌ను తీసి, ఎప్పటిలాగే, మడమ వెనక పెట్టాను. మరిచిపోయి కాదు. ముప్పై ఏళ్లు పైబడిన సర్వీసుకు నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల పాఠం చెప్పడమేమిటని పెట్టాను.

రెండు నిమిషాల్లో పిలుపు వచ్చింది. "అంకుల్, మళ్లీ తీయండి. అక్షరం ముందుకు. అంచులు కత్తిరించొద్దు."

మళ్లీ తీయమనడం సీనియర్ టెక్నీషియన్‌కు చెంపదెబ్బ. గొణుక్కుంటూ తీశాను. తెర మీద మేడం వెలుగు తగ్గించింది. నా తళతళలాడే ఎముకలు మసకబారాయి, వాటి వెనక బొటనవేలంత లావున ఒక బూడిదరంగు పట్టీ పైకి లేచింది. అన్నేళ్లలో నేను దాన్ని మొదటిసారి చూశాను. ఆవిడ అక్కడికక్కడే ఆ మడమకు అల్ట్రాసౌండ్ కూడా చేసింది. తాడు పోగుల మధ్య నల్లటి మచ్చలు, అటుకుల మూటలో చింతపిక్కలు పడ్డట్టు.

"పదమూడు మిల్లీమీటర్లు. తొమ్మిది దాటితేనే అనుమానించాలి. అంకుల్, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో పోయారా, అడిగారా?"

"అడిగిన మేడం," అన్నాను, మెల్లగా. "తండ్రి, అన్న. నలభై దగ్గర."

ఆవిడ నా వైపు చూసిన చూపుకు ఏ సీసమూ అడ్డు రాదు.

నేను బయటికి వెళ్లి పరీక్షకు రక్తం ఇవ్వమంటే పాలాయన మండిపడ్డాడు. "మడిమ ఫొటోకొస్తె రక్తం గుంజుతరా? నన్ను జూడున్రి, నాకు కొవ్వుందా? మా దున్నపోతుకున్నది, దాని రక్తం దీస్కోన్రి! గిది మీ దందా, నాకెరుకే." చెప్పులు టపటపలాడించుకుంటూ దిగిపోయాడు. 'ఫుల్ బాడీ' బోర్డు కింద నుంచే దిగాడు కాబట్టి అతని అనుమానాన్ని తప్పుపట్టలేను.

మేడం రెండుసార్లు ఫోన్ చేయించింది. ఎత్తలేదు. "అంకుల్, ఆయన గుండె చూడకుండా ఆ తాడు పట్టుకుని పరుగెత్తకూడదు. మీతో బాగా మాట్లాడాడు కదా, మీరు వెళ్లండి," అంది. అతను చెప్పింది విని కూడా నేను పట్టించుకోలేదని ఆవిడకు చెప్పలేక, వెళ్లాను.

గౌలిపుర గల్లీలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాసనే దారి చూపింది. పాలాయన లేడు. కొట్టంలో ఆయన తల్లి, పెద్ద అవ్వ, గడ్డి సర్దుతోంది. ఇంటర్ చదివే ఒక అమ్మాయి బకెట్లు కడుగుతోంది. పోయిన అన్న కూతురట. విషయం చెబుదామని నోరు తెరిచానో లేదో, నా కళ్లు కొట్టం కిటికీ మీద పడ్డాయి.

కిటికీకి అద్దం లేదు. అద్దం బదులు ఒక ఎక్స్‌రే ఫిల్ము నాలుగు మేకులతో కొట్టి ఉంది. ఎండ దాని గుండా నీలంగా పడుతోంది. చీలమండ, పక్క నుంచి. దాని వెనక, తెల్లగా, కుడికాలు విరిగిన ఆర్.

"గది మా నాయినది సార్," అంది అమ్మాయి నా చూపు చూసి. "నొప్పని అప్పట్ల తీపిచ్చుకున్నడు. బొక్క మంచిగుంది, ఏం ఫికర్ లేదన్నరంట. ఎండ జర తక్కువొస్తదని అవ్వ ఆడ గొట్టింది."

"మా కొడుకు కాలు రోజు కానస్తది బిడ్డా," అంది అవ్వ. "గందుకే దియ్యనియ్య."

దగ్గరికి వెళ్లి చూశాను. నా అక్షరం దాచలేకపోయింది. అక్షరానికి అటూ ఇటూ ఆ తాడు అంచులు బయటికి తన్నుకొచ్చి ఉన్నాయి, చిన్న దుప్పటి కింద పెద్ద మనిషి పడుకున్నట్టు. ఎవరైనా చూసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చూడకుండా చేసింది ఎవరో మాత్రం అక్కడ రాసే ఉంది.

ఆ రోజు నేను ఏమీ చెప్పలేదు. "మీ కొడుకును జర సెంటర్‌కు రమ్మనున్రి" అని, ఇచ్చిన చాయ్ తాగి, తోక ముడిచి వచ్చేశాను. ఈ వాక్యాన్ని రాయకుండా దాటేద్దామని రెండుసార్లు కలం పక్కన పెట్టాను.

వారం గడిచింది. అతను రాలేదు. సదర్‌కు ఇక పన్నెండు రోజులు. రిసెప్షన్ భాయ్‌కు కిటికీ సంగతి చెప్పాను. అతను రాస్తున్న పెన్నుకు మూత పెట్టాడు.

"ఉస్తాద్, ఆయనకి డాక్టర్ మాట నమ్మకం లేదు, మన బోర్డు మీద నమ్మకం లేదు. నీ తప్పు ఒక్కటే నమ్ముతడు. దాన్నే తీస్కపో," అన్నాడు.

తెల్లవారి పాలు పితికే వేళకు వెళ్లాను. పాలాయన నన్ను చూడగానే, "మల్ల రక్తానికొచ్చినవా సార్? బకెట్ దేవాల్నా?" అన్నాడు.

జేబులోంచి నా కుంటి ఆర్ తీసి అతని అరచేతిలో పెట్టాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఫిల్ము మీదున్న అక్షరం పక్కన పట్టమన్నాను. విరిగిన కాలు విరిగిన కాలితో సరిపోయింది.

"మీ అన్న ఫొటో తీసింది నేనే తమ్మీ. ఆయిన మడిమల ఏమున్నదో, నీ మడిమల గదే ఉన్నది. మీ నాయినకు గూడ ఉండొచ్చు. దిష్టి కాదు. అప్పుడు డాక్టర్‌కు కానరాకుండ నేను అక్షరం అడ్డం వెట్టిన. నీకు గూడ వెట్టిన, ఆ మేడం తీపిచ్చింది."

కొడతాడనుకున్నాను. పాల బకెట్ చేతిలోనే ఉంది, మంచి బరువుది. అతను సీసం ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గింత దానికిందనా?" అన్నాడు.

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆవిడ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. కిటికీ వైపు కూడా చూడలేదు. అదే నాకు ఎక్కువైంది.

పాలాయన అక్షరం నా చేతిలో పెట్టేసి, "ఎన్ని గొట్టంగ తెరుస్తరు?" అన్నాడు.

రక్తపరీక్ష రిపోర్టు చూసి ల్యాబ్ వాళ్లు మిషన్ తప్పేమోనని రెండోసారి చేశారు. మిషన్ తప్పు కాదు. గుండె డాక్టర్ దగ్గరికి పంపితే రెండు నాళాలు బాగా పూడుకుపోయి ఉన్నాయి. స్టెంట్లు వేశారు. జీవితాంతం మందులు. ఆ ఏడాది తాడు పట్టడం బందు.

"మందులేస్త, ఉప్పు తగ్గిస్త, అన్నీ జేస్త. మరి తాడెవరు వడ్తరు?" ఆసుపత్రి మంచం మీద అతని మొదటి ఫికర్ అది.

మేడం రక్తసంబంధీకులందర్నీ రమ్మంది. ఈ జబ్బు ఉన్నవాళ్ల పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సగానికి సగం అవకాశం ఉంటుందట. పాలాయన ఇద్దరు కొడుకులూ వచ్చారు. మడమలు సన్నం, రక్తం కూడా శుభ్రం. మడమ సన్నగా ఉన్నంత మాత్రాన వదలకూడదని రక్తం కూడా చూడమంది మేడమే. శుభవార్త చెబితే ఆ ఇద్దరూ పరీక్ష తప్పినట్టు మొహాలు వేలాడేశారు. ఒకడైతే, "మేడం, ఇంకోపారి కొలవరా?" అన్నాడు. జబ్బు లేదని చెప్పమని బతిమాలుకున్న పేషెంట్లను చూశాను. జబ్బు ఇప్పించమని బతిమాలినవాళ్లను అప్పుడే చూశాను.

అన్న కూతుర్ని ఎవరూ పంపలేదు. ఆడపిల్లలు తాడు పట్టరు కాబట్టి ఆ ఇంట్లో ఆడపిల్లల మడమలు ఎవరూ చూడలేదు. ఆమె తనంతట తానే తల్లిని వెంటబెట్టుకుని, కాలేజీ యూనిఫాంలో వచ్చింది. మేడం అల్ట్రాసౌండ్ పెట్టింది. మరీ లావు కాదు, కానీ ఉండాల్సినదానికంటే ఎక్కువే. రక్తంలోనూ ఎక్కువే. గుండె మాత్రం చక్కగా ఉంది. ఇప్పుడే మందులు మొదలుపెడితే అలాగే ఉంచుకోవచ్చని మేడం చెబుతుంటే, తల్లి మేడం చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అమ్మాయి బయటికొచ్చి నా గది ముందు ఆగింది.

"కాకా, నాకు ఎక్స్‌రే లేదా?"

"అక్కర్లేదన్నది బిడ్డా మేడం. ఇదే చాలంట."

"మంచిగైంది. మీ అక్షరం మల్ల అడ్డమొస్తుండె."

నవ్వుతూనే అంది. నాకు ఆ ముప్పై నాలుగేళ్లలో వచ్చిన రిపోర్టుల్లో అదే అన్నిటికంటే స్పష్టమైనది.

సదర్‌కు ముందు ఆ ఇంట్లో పెద్ద లొల్లి అయ్యిందని తర్వాత తెలిసింది. పాలాయన కొడుకులు తాడు మాకే కావాలన్నారు. అమ్మాయి, "తాత ఏం రూల్ వెట్టిండు? లావు మడిమ ఉన్నోళ్లే వట్టాలె. ఇంట్ల లావు మడిమ ఇప్పుడు బాబాయికి, నాకు. బాబాయికి బందు. ఇగ చెప్పున్రి," అందట. రూలులో మగవాళ్లని ఎక్కడుందని అడిగితే, రూలు పెట్టిన తాతే లేడు కాబట్టి జవాబు చెప్పేవాళ్లు లేరు. గుండె డాక్టర్‌ను అడిగితే అమ్మాయి తాడు పట్టుకుని నాలుగడుగులు వేస్తే పరవాలేదన్నాడు. అవ్వ తాడు తెచ్చి మనవరాలి చేతిలో పెట్టింది.

నేనూ వెళ్లాను. రోడ్డు పక్కన కుర్చీలో పాలాయన, జేబులో మాత్రల పట్టీ, నోట్లో ఆపకుండా సలహాలు: "తాడు కిందికి వట్టు! కిందికి! అరే, నా మాట ఇనదేంది ఈ పోరి!" పక్కన బార్కస్ భాయ్ ఈల వేస్తున్నాడు. డప్పులు రేగాయి. నల్లటి కొండలాంటి దున్నపోతు మెడ విదిలించి ముందుకాళ్లు లేపింది. అమ్మాయి వెనక్కి వంగి, చెప్పుల్లేని కాలును రోడ్డు మీద పాతింది.

అందరూ పైకి చూశారు, దున్నపోతు వైపు. నేను మాత్రం జనం కాళ్ల మధ్య గొంతుక్కూర్చున్నాను. "ఏం పోయింది పెద్దాయినా?" అని ఎవరో అడిగారు. కుంటి ఆర్ నా జేబులోనే ఉంది. ఆ మడమ, మడమ వెనక బిగుసుకున్న ఆ తాడు, మొత్తం కనిపించింది. మధ్యలో నా అక్షరం లేదు.